సమానంగా కోయడం ఎలా: పళ్లెంలో మైసూరుపాకు నుంచి పొలం గట్టు దాకా

గుండ్రటి పళ్లెంలో మైసూరుపాకు పోశారు. ముగ్గురికి పంచాలి. పళ్లెం అడ్డంగా 30 సెంటీమీటర్లుంది కాబట్టి పదేసి సెంటీమీటర్ల వెడల్పున రెండు కోతలు పెట్టారు. చూడ్డానికి మూడు పట్టీలూ సమానంగానే ఉన్నాయి. లెక్క వేస్తే మాత్రం నడిమి పట్టీకి మొత్తంలో 41.6 శాతం పోతుంది, పక్కవాళ్లిద్దరికీ 29.2 శాతం చొప్పున దక్కుతుంది.

మైసూరుపాకు దగ్గర అయితే ఇంకో ముక్క తీసి సర్దేస్తాం. ఇదే పొరపాటు చేను పంపకంలో జరిగితే సర్దడానికి ఏమీ ఉండదు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఊళ్లో పంపకాలప్పుడు కూడా కొలతలు చూసి పెట్టమని పిలుస్తుంటారు. రెండు చోట్లా ఎక్కువగా కనబడే తప్పు ఒక్కటే: వెడల్పు సమానమైతే వాటా సమానం అనుకోవడం. గీత, కాగితం, త్రిభుజం, నాలుగు మూలల చేను, వృత్తం ఇలా ఒక్కోదాన్నీ సమానంగా ఎలా భాగించాలో వరసగా చెబుతాను. స్కేలు, దారం, టేపు ఉంటే చాలు. ఒకటి రెండు చోట్ల ఫోన్‌లో క్యాలిక్యులేటర్ కావాలి.

కత్తి పట్టుకునే ముందు ఏది సమానం కావాలో తేల్చుకోండి. పొడవా, వైశాల్యమా, ఆకారం కూడానా? కేకు అయితే పైన పూసిన క్రీము కూడా సమానంగా రావాలా? ప్రశ్న మారితే కోసే చోటు మారుతుంది.

గీతను, పలకను భాగించడం

17.3 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క పలకను నిలువుగా 5 పట్టీలు చేయాలి. 17.3ని 5తో భాగిస్తే 3.46. ఆ 0.46ను స్కేలు మీద ఎక్కడని పెడతాం? భాగహారం జోలికే పోకుండా ఇలా చేయండి.

1. స్కేలు మీద సున్నాను పలక ఒక అంచున ఉంచండి.
2. స్కేలును ఏటవాలుగా తిప్పుతూ పోండి. అవతలి అంచు మీదికి సరిగ్గా 20 వచ్చినప్పుడు ఆపండి. 20 ఎందుకంటే, 17.3 కన్నా పెద్దదై 5తో నిశ్శేషంగా పోయే అంకె అది.
3. 4, 8, 12, 16 దగ్గర చుక్కలు పెట్టండి.
4. పలక మీద కాస్త కిందుగా ఇంకోచోట ఇదే మళ్లీ చేసి, చుక్కకు చుక్క కలుపుతూ గీతలు గీయండి.

అంతే, ఐదు పట్టీలూ సమానం. పలక అంచులు సమాంతరంగా ఉండాలి, అదొక్కటే షరతు. ఏటవాలు గీతను సమాంతర రేఖలు ఏ నిష్పత్తిలో కోస్తే, అడ్డంగా గీసిన గీతనూ అదే నిష్పత్తిలో కోస్తాయి. పదో తరగతిలో థేల్స్ సిద్ధాంతం అని చదివింది ఇదే. స్కేలు లేకపోతే రూళ్ల నోటుబుక్కు పేజీ చాలు. కాగితం పట్టీ ఒక కొసను ఒక రూలు మీద ఉంచి, రెండో కొసను దాని తర్వాత అయిదో రూలు తగిలేలా వాల్చండి. మధ్యలో నాలుగు రూళ్లు పట్టీని ఎక్కడ తాకితే అక్కడ మడవండి.

ఒక జాగ్రత్త. టేపుతో భాగాలు గుర్తు పెట్టేటప్పుడు ప్రతి చుక్కనూ సున్నా నుంచే కొలవండి. మొదటి చుక్క నుంచి రెండోది, రెండోదాని నుంచి మూడోది అని జరుపుకుంటూ పోతే, చుక్కకు మిల్లీమీటరు చొప్పున తేడా పేరుకుని చివరి ముక్క మీద పడుతుంది.

కొలవకుండా కాగితాన్ని మూడు భాగాలు చేయడం

ఇది పిల్లలకు చూపించి తీరాల్సిన పద్ధతి. కాగితం చతురస్రమైనా, దీర్ఘచతురస్రమైనా పనిచేస్తుంది.

ముందు కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు కర్ణం మడత వేసి విప్పండి. పై అంచు మధ్యబిందువు దగ్గర గోటితో చిన్న నొక్కు పెట్టండి. ఇప్పుడు కింది కుడి మూల నుంచి ఆ నొక్కుకు ఇంకో మడత వేయండి. రెండు మడతలూ ఒకచోట ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఆ బిందువు కుడి అంచు నుంచి సరిగ్గా వెడల్పులో 1/3 దూరంలో ఉంటుంది. కుడి అంచును ఆ బిందువు దాకా తెచ్చి మడిస్తే 1/6, బిందువు గుండా నిలువుగా మడిస్తే 1/3.

ఇక్కడితో ఆగదు. 1/3 దగ్గర వేసిన నిలువు మడత పై అంచును తాకిన చోటు పట్టుకుని, కింది కుడి మూల నుంచి దానికి మళ్లీ మడత వేయండి. అది కర్ణాన్ని కోసే చోటు 1/4 దగ్గర ఉంటుంది. ఆ తర్వాత 1/5, 1/6. క్లాసులో ఒకసారి పిల్లలు 1/9 దాకా వెళ్లారు. అప్పటికి కాగితమంతా మడతలే, అయినా చుక్క తప్పలేదు.

దీర్ఘచతురస్రం

కర్ణాలు రెండూ కలిసే చోటు దీర్ఘచతురస్రానికి కేంద్రం. ఆ కేంద్రం గుండా ఎటు కోసినా రెండు ముక్కలూ సమానమే. నిలువుగా, అడ్డంగా, వాలుగా, ఎలాగైనా సరే. పైగా ఒక ముక్కను తిప్పి రెండోదాని మీద పెడితే అతికినట్టు కూర్చుంటుంది.

లంగాకు కలీలు, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలు, కోసే టైలర్లు రోజూ చేసేది ఇదే. గుడ్డ పట్టీలో పైన ఒక వైపు సన్నంగా, కింద అవతలి వైపు అంతే సన్నంగా గుర్తు పెట్టుకుని వాలుగా కత్తెర వేస్తారు. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా రెండు కలీలు వస్తాయి, గుడ్డ ఇంచీ కూడా వృథా పోదు. ఆ వాలు కోత పట్టీ కేంద్రం గుండా పోయింది కాబట్టే రెండు కలీలు ఒక్కలా ఉంటాయి.

దీర్ఘచతురస్రాకారపు స్థలంలో ఎక్కడో ఒక మూలకు దీర్ఘచతురస్రాకారపు ఇల్లు ఉందనుకోండి. ఇంటినీ, ఖాళీ స్థలాన్నీ కూడా ఒకే గీతతో చెరిసగం చేయాలంటే స్థలం కేంద్రాన్నీ ఇంటి కేంద్రాన్నీ కలుపుతూ గీత గీస్తే సరి. ఆ గీత గది మధ్యలోంచి పోతుందా, గోడ మీదుగా పోతుందా అన్నది వేరే తలనొప్పి. వైశాల్యం వరకైతే తేడా రాదు.

త్రిభుజం: అసలు కీలకం ఇక్కడే

శీర్షం నుంచి ఎదుటి భుజం మధ్యబిందువుకు గీసిన మధ్యగతం త్రిభుజాన్ని రెండు సమాన వైశాల్యాలు చేస్తుంది. భూమిని, అంటే త్రిభుజం అడుగు భుజాన్ని, 5 సమభాగాలు చేసి శీర్షానికి కలిపితే 5 సమాన వాటాలు. భూమి సమానం, ఎత్తు సమానం, కాబట్టి వైశాల్యం సమానం. మూడు భుజాల మధ్యబిందువులను కలిపితే 4 సర్వసమాన ముక్కలు. ఇవన్నీ తెలిసినవే.

ఈ రకం పనులన్నిటికీ తాళంచెవి ఒకటుంది. త్రిభుజం భూమిని కదల్చకుండా, శీర్షాన్ని భూమికి సమాంతరంగా ఎంత దూరం జరిపినా వైశాల్యం మారదు. ఎత్తు మారలేదు కదా! దీన్ని చేత్తో చూడాలంటే గోడకు రెండు మేకులు కొట్టి రబ్బరు బ్యాండ్ తగిలించండి. మూడో కొనను వేలితో పట్టి, మేకుల వరసకు సమాంతరంగా అటూ ఇటూ లాగండి. త్రిభుజం ఎంత సాగి వంకరపోయినా లోపలి వైశాల్యం అంతే ఉంటుంది. కింద చెప్పే చేను పంపకమంతా ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది.

త్రిభుజాకారపు చేను. పై మూల క, రోడ్డు వెంబడి ఉన్న భుజం చ నుంచి ట దాకా 60 గజాలు. ఆ భుజం మీద చ నుంచి 40 గజాల దూరంలో బోరు ఉంది, దాన్ని ప అందాం. ఇద్దరికీ నీళ్లు అందాలి కాబట్టి గట్టు బోరు దగ్గరే మొదలవ్వాలి. ఎక్కడికి పోవాలి?

1. చట మధ్యబిందువు మ గుర్తించండి. చ నుంచి 30 గజాలు.
2. ప నుంచి పై మూల క దాకా దారం కట్టండి.
3. మ నుంచి ఆ దారానికి సమాంతరంగా ఇంకో దారం పట్టండి. అది కచ భుజాన్ని ఎక్కడ తాకితే అది న.
4. ప నుంచి న దాకా గట్టు వేయండి.

ఎందుకంటే, కమ గీత చేనును ఎలాగూ సగం చేస్తుంది. మ, న కలిపే గీతను భూమిగా చూస్తే క, ప రెండు శీర్షాలూ దానికి సమాంతరమైన గీత మీదే ఉన్నాయి. శీర్షాన్ని క నుంచి ప కు జరిపాం, వాటా మారలేదు.

పొలంలో సమాంతర దారం పట్టడం కష్టమైతే అంకెలతో తేల్చేయవచ్చు. బోరు చ నుంచి భుజంలో ఎంత భాగం దూరంలో ఉంది? 40/60, అంటే 2/3. కావలసిన వాటా 1/2. దీన్ని దానితో భాగిస్తే 3/4. చక భుజం మీద చ నుంచి 3/4 దూరంలో న పడుతుంది. భుజం 80 గజాలైతే 60 దగ్గర రాయి పాతండి. అదే బోరు దగ్గర నుంచి ముగ్గురికి పంచాలంటే, 1/3ని 2/3తో భాగిస్తే 1/2 వస్తుంది. బోరు నుంచి చక మధ్యబిందువుకు ఒక గట్టు, బోరు నుంచి పై మూలకు ఇంకో గట్టు. మూడు వాటాలూ సమానం, ముగ్గురికీ బోరు తగులుతుంది. మొదటిసారి ఈ లెక్క ఇంత చక్కగా కుదిరినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

భూమికి సమాంతరంగా అడ్డంగా కోయాల్సి వస్తే ఎత్తును సగం చేయకండి. సగం ఎత్తులో కోస్తే పైముక్కకు పావు వంతే వస్తుంది. పై మూల నుంచి ఎత్తులో 0.707 వంతు దిగి కోస్తే చెరిసగం. ముగ్గురికైతే 0.577, 0.816 దగ్గర. ఇవి వరసగా 1/2, 1/3, 2/3 ల వర్గమూలాలు.

నాలుగు మూలల చేను

మా ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు రోడ్డు వైపు వెడల్పుగా, కాలువ వైపు సన్నగా ఉన్న చేనును పొడవులో సరిగ్గా సగానికి గట్టు వేసి పంచుకున్నారు. గట్టు రెండు వైపులా ఒకే పొడవుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. లెక్క తేలిగ్గా ఉండేలా గుండు అంకెలు పెట్టి చూపిస్తాను.

రోడ్డు వైపు 70 గజాలు, కాలువ వైపు 10 గజాలు, ఈ రెండూ సమాంతరం, మధ్య దూరం 60 గజాలు. మొత్తం 2,400 చదరపు గజాలు, అర ఎకరానికి 20 తక్కువ. నడిమధ్యన గట్టు వేస్తే అక్కడ వెడల్పు 40 గజాలు. రోడ్డు వైపు వాటా 1,650, కాలువ వైపు వాటా 750. సెంటు అంటే 48.4 చదరపు గజాలు కాబట్టి, రావలసిన దానికన్నా కాలువ వైపు వారికి 9 సెంట్లకు పైగా తగ్గింది.

సరైన గట్టు పొడవు ఇలా వస్తుంది. సమాంతర భుజాల వర్గాలు కూడి, సగం చేసి, వర్గమూలం తీయండి. 70 వర్గం 4,900, 10 వర్గం 100, కూడితే 5,000, సగం 2,500, వర్గమూలం 50. చేను వెడల్పు 50 గజాలున్న చోటే గట్టు పడాలి. 60 గజాల దూరంలో వెడల్పు 70 నుంచి 10కి తగ్గుతోంది, గజానికి ఒక గజం చొప్పున. కాబట్టి రోడ్డు నుంచి 20 గజాల లోపల. సరిచూడండి: 70, 50ల సగటు 60, దాన్ని 20తో గుణిస్తే 1,200. 50, 10ల సగటు 30, దాన్ని 40తో గుణిస్తే 1,200. సుమారు 4,000 ఏళ్ల కిందటి మెసొపొటేమియా మట్టి పలకల మీద కూడా సమలంబ చతుర్భుజాలను ఇలాగే చెరిసగం చేసే లెక్కలున్నాయి. చేను పంచుకోవడం అంత పాత అవసరం.

రోడ్డు ఇద్దరికీ కావాలంటే నిలువుగా పంచండి. రోడ్డు వైపు భుజం మధ్యను, కాలువ వైపు భుజం మధ్యను కలిపే గీత ఎప్పుడూ చెరిసగమే. ఇక్కడ 35, 5 గజాల భుజాలతో ఇద్దరికీ 1,200 చొప్పున. కాలువ వైపు 5 గజాల కొసలో అరక తిరగదు, ట్రాక్టరు అసలే తిరగదు. అయినా దారి, నీళ్లు రెండూ ఇద్దరికీ దక్కుతాయి కాబట్టి నన్నడిగితే ఈ పంపకమే మేలు.

ఏ రెండు భుజాలూ సమాంతరంగా లేని చేనైతే, ఒక మూల నుంచి చెరిసగం చేసే పద్ధతి ఇది. మూలలు వరసగా క, చ, ట, త. గట్టు క నుంచి మొదలవ్వాలి.

1. ఎదుటి మూలలు చ, త మధ్య దారం కట్టి దాని మధ్యబిందువు మ దగ్గర పుల్ల గుచ్చండి.
2. క నుంచి ట కు ఇంకో దారం కట్టండి.
3. మ గుండా కట దారానికి సమాంతరంగా గీత పట్టండి. అది చేను అంచును, చట మీదో టత మీదో, ఒకచోట తాకుతుంది. అదే ప.
4. కప గట్టు.

మ పుల్ల కట దారం మీదే పడితే ఆ దారమే గట్టు. పొలంలో సమాంతర గీతకు ముందు లంబకోణం కావాలి. 9, 12, 15 అడుగుల తాళ్లతో త్రిభుజం పడితే 9, 12 కలిసే మూల సరిగ్గా లంబకోణం. మ నుంచి కట దారానికి లంబదూరం కొలవండి. దారం మీద ఇంకోచోట నుంచి అదే వైపుకు అంతే దూరం లంబంగా కొలిచి రెండో పుల్ల గుచ్చండి. రెండు పుల్లలనూ కలిపే గీత సమాంతరం. చేను అంచు ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఈ పద్ధతి నేరుగా వాడకండి. ముందు త్రిభుజాలుగా విడగొట్టి వైశాల్యాలు కట్టండి.

ఇదంతా హద్దు ఎక్కడ పడాలో మీరు మీరు తెలుసుకోవడానికి. రికార్డుల్లోకి ఎక్కాలంటే సర్వేయర్ కొలతా, సబ్‌డివిజనూ తప్పవు.

వృత్తం

కేంద్రం తెలిస్తే పని సగం అయినట్టే. తెలియకపోతే పుస్తకం మూలను వృత్తం అంచుకు లోపలి వైపు నుంచి తగిలించండి. మూల అంచులు రెండూ వృత్తాన్ని కోసిన చోట్లను కలిపితే అది వ్యాసం. ఇంకోచోట మళ్లీ చేస్తే రెండు వ్యాసాలు కలిసే చోటు కేంద్రం.

వ్యాసార్థమంత దారంతో అంచు వెంబడి కొలుచుకుంటూ పోతే సరిగ్గా 6 సార్లు పడుతుంది. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే 3, మధ్యలు కూడా తీసుకుంటే 12. ఐదింటికి కోణమానినితో 72 డిగ్రీల చొప్పున. ఏడింటికి ఒక పాత చిట్కా: వృత్తంలో సమబాహు త్రిభుజం గీసి, దాని భుజంలో సగం పొడవుతో అంచు చుట్టూ కొలవండి. 30 సెంటీమీటర్ల పళ్లెం మీద ఏడుసార్లు తిరిగి వచ్చేసరికి 2 మిల్లీమీటర్లే తేడా.

మొదట చెప్పిన మైసూరుపాకుకు వద్దాం. అడ్డ పట్టీలుగానే ముగ్గురికి కోయాలంటే, కేంద్రం నుంచి వ్యాసార్థంలో 0.265 వంతు దూరంలో ఇటొకటి, అటొకటి కోతలు. 30 సెంటీమీటర్ల పళ్లెంలో పట్టీల వెడల్పులు దాదాపుగా 11, 8, 11.

చదరపు కేకు ఐదుగురికి

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. 25 సెంటీమీటర్ల చదరపు కేకు, పైనా పక్కలా క్రీము. కేకూ క్రీమూ రెండూ ఐదుగురికీ సమానంగా రావాలి. నిలువు పట్టీలుగా కోస్తే చివరి ఇద్దరికీ పక్క క్రీము ఎక్కువ పోతుంది.

చుట్టుకొలత 100 సెంటీమీటర్లు. అంచు మీద ఎక్కడైనా మొదలుపెట్టి 20 సెంటీమీటర్లకొక చుక్క పెట్టండి. మూల వస్తే మలుపు తిరిగి కొలత కొనసాగించండి. ప్రతి చుక్క నుంచి కేంద్రానికి కోయండి. ఒకటి రెండు ముక్కలు త్రిభుజాల్లా, మిగతావి మూల కలుపుకుని నాలుగు భుజాలతో, పిల్లలు గొడవపడేంత వేర్వేరుగా కనబడతాయి. అయినా ప్రతి ముక్కకూ అంచు 20 సెంటీమీటర్లు, కేంద్రం నుంచి అంచుకు ఎత్తు 12.5. వైశాల్యం 125, ఐదు ముక్కలు కలిపితే 625. ఆరుగురున్నా ఏడుగురున్నా ఇదే పద్ధతి.

కుదరనివీ ఉన్నాయి

గీతలు, అంకెలు లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి 60 డిగ్రీల కోణాన్ని మూడు సమభాగాలు చేయడం కుదరదని 1837లో ఫ్రెంచ్ గణితవేత్త పియర్ వాంజెల్ నిరూపించారు. వృత్తాన్ని 7 భాగాలు చేయడం కూడా ఆ రెండింటితో సాధ్యం కాదు. అదే 17 భాగాలు మాత్రం సాధ్యమని 1796లో, ఇంకా 19 ఏళ్లు నిండని జర్మన్ గణితవేత్త గౌస్ కనిపెట్టారు. చతురస్రాన్ని సమాన వైశాల్యం గల 2, 4, 6 త్రిభుజాలుగా కోయగలం. 3, 5, 7 ఇలా బేసి సంఖ్యలో మాత్రం ఎంత వంకరగా కోసినా కుదరదు. దీన్ని గణితవేత్త పాల్ మాన్‌స్కీ 1970లో నిరూపించారు. పిల్లలు దీనితో గంటసేపు కుస్తీ పట్టాకే ఈ సంగతి చెప్పండి.

తూచి చూడండి

చేను కొలతలను మందపాటి అట్ట మీద స్కేలుకు గీయండి, గజానికి అర సెంటీమీటరు చొప్పున. మీరు అనుకున్న గట్టు గీత వెంబడి కత్తిరించి, రెండు ముక్కలనూ వంటింటి డిజిటల్ త్రాసు మీద విడివిడిగా పెట్టండి. ఒకే అట్ట కాబట్టి బరువు సమానమైతే వైశాల్యం సమానం. ముక్కలు చిన్నవైతే గ్రాములోపు తేడా వంటింటి త్రాసు పట్టదు, అప్పుడు అట్ట పెద్దది తీసుకోండి. పైన చెప్పిన 70, 10 గజాల చేనును మా తరగతిలో ఇలాగే చేశాం. మొదట నడిమధ్యన కోసిన అట్ట తూచారు. ఒక ముక్క రెండోదానికి రెట్టింపు పైనే తూగింది. తర్వాత 20 గజాల దగ్గర కోసినది తూచారు. ఒకటి పొట్టిగా వెడల్పుగా, ఇంకోటి పొడుగ్గా సూదిగా, రెండూ ఒకే అంకె చూపించాయి. వెనక బెంచీ అబ్బాయి ఒకడు నమ్మలేక ముక్కలు అటుదిటు మార్చి మళ్లీ పెట్టాడు. అదే అంకె.